కాలిపోతే మళ్లీ కట్టుకోనిస్తారా? లెండర్ అడుగుతున్న ఆ లెటర్ సంగతి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఒక టూ ఫ్యామిలీ ఇల్లు కొంటున్నాం. 1920లలో కట్టింది. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. పై పోర్షన్ అద్దె కూడా చూపించి కన్వెన్షనల్ లోన్‌కి అప్లై చేశాం. అప్రైజల్ రిపోర్టులో రేటు సరిపోయింది కానీ, జోనింగ్ (ఏ వీధిలో ఏ రకం ఇళ్లు ఉండొచ్చన్న టౌన్ రూల్) దగ్గర ‘లీగల్ నాన్‌కన్ఫార్మింగ్’ అని టిక్ పెట్టి, ఇల్లు పూర్తిగా పాడైపోతే మళ్లీ ఇలాగే కట్టుకోవచ్చో లేదో టౌన్‌షిప్‌ని అడగాలని రాశారు. ఆ వీధి ఇప్పుడు సింగిల్ ఫ్యామిలీ జోన్ అట. లెండర్ ‘రీబిల్డ్ లెటర్’ తెమ్మంటున్నారు. టౌన్ ఆఫీసులో అడిగితే అలాంటి లెటర్లు మేమివ్వం అన్నారు. మా రియల్టర్ ఏమో అప్రైజర్ అతి చేశాడు, ఇంకొకరితో చేయిద్దాం అంటున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు, ఎల్‌ఆర్‌ఎస్ లాంటిదేదో ఇక్కడా ఉంటుంది, ఫీజు కట్టేస్తే పోతుంది కదా అంటున్నారు. మావారికి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. లోన్ కమిట్‌మెంట్ డేట్ (లోన్ ఖాయమని లెండర్ రాసివ్వాల్సిన గడువు) ఇంకా మూడు వారాలే ఉంది. కొనొచ్చా, వదిలేయాలా? ఇంకో రెండు విషయాలు. బేస్‌మెంట్‌లో చిన్న కిచెన్ ఉంది, దాన్ని కూడా అద్దెకిచ్చుకోవచ్చని సెల్లర్ అంటున్నాడు. ముందు ముందు అత్తమామలు వచ్చి ఉంటే, పైన స్టవ్, సింకు తీసేసి ఆ గదిని పూజగది చేయాలని మా అత్తగారి కోరిక.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: ముందు మీవారిని నిద్రపొమ్మని చెప్పండి. ఇంత మాత్రానికి ఇల్లు వదులుకోనక్కర్లేదు. అలాగని మీ రియల్టర్ చెప్పినంత తేలిగ్గా తీసిపారేసేదీ కాదు. ఆయన మాటల్లో ఒకదాన్ని మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి. అప్రైజర్ అతి చేయలేదు, రాయాల్సింది రాశాడు. అప్రైజర్‌ని పెట్టుకునేది లెండరు, ఆయన క్లయింటూ లెండరే. మనకు నచ్చలేదని మార్చుకునే వీలు మనకు లేదు. మార్చినా, రెండో ఆయన కూడా అదే జోనింగ్ మ్యాప్ చూసి అదే గడిలో టిక్ పెడతాడు.

ఆ గడి సంగతి కొంచెం చూద్దాం. మీలాంటి రెండు పోర్షన్ల ఇంటికి 1025 అనే ఫారం వాడుతూ వచ్చారు, విడి ఇంటికైతే 1004. రెండింట్లోనూ జోనింగ్ వరసలో గడులు నాలుగే: లీగల్, లీగల్ నాన్‌కన్ఫార్మింగ్, నో జోనింగ్, ఇల్లీగల్. (నో జోనింగ్ అన్న గడి ఎవరికోసమా అనిపిస్తే హ్యూస్టన్‌లో ఉన్న మన చుట్టాల్ని అడగండి. అంత మహానగరానికీ జోనింగ్ లేదు.) భయపడాల్సింది నాలుగో గడిని చూసి. మీకు పడింది రెండోది. ఇల్లు కట్టిన రోజున తప్పేమీ లేదు, తర్వాత రూల్ మారింది, ఇల్లు మాత్రం అలాగే ఉంది అని దానర్థం. అమెరికాలో ఊరంతటికీ వర్తించే జోనింగ్ 1916లో న్యూయార్క్‌తో మొదలైంది. అలాంటి జోనింగ్ చెల్లుతుందని సుప్రీం కోర్టు యూక్లిడ్ కేసులో చెప్పింది 1926లో. మీరు కొంటున్న ఇల్లు ఆ కాలపుదే. దాని వీధిని సింగిల్ ఫ్యామిలీ జోన్‌గా మార్చింది ఆ తర్వాత ఎప్పుడో అయ్యుంటుంది. న్యూజెర్సీ పాత టౌన్లలో ఇలాంటి ఇళ్లు వీధులకు వీధులే ఉన్నాయి.

అందుకే మామగారి ఎల్‌ఆర్‌ఎస్ ఇక్కడ పనికిరాదు. అక్కడ అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటుకు ఫీజు కట్టి క్రమబద్ధం చేయించుకుంటాం. మీ ఇంటి విషయంలో క్రమబద్ధం చేయడానికి తప్పంటూ ఏమీ లేదు, కాబట్టి కట్టాల్సిన ఫీజూ లేదు. రెండు కుటుంబాలు ఉండే హక్కు ఆ ఇంటికి ఇప్పటికే ఉంది. చిక్కంతా ఎక్కడంటే, ఆ హక్కు నిలబడి ఉన్న ఇంటిది. ఇల్లే లేకపోతే ఏంటన్నదే లెండర్ ప్రశ్న.

దీనికి న్యూజెర్సీ మునిసిపల్ ల్యాండ్ యూజ్ చట్టంలోనే సమాధానం ఉంది, 40:55డి-68 అనే సెక్షన్‌లో. ఆర్డినెన్స్ (టౌన్ చేసుకునే జోనింగ్ చట్టం) వచ్చేనాటికి ఉన్న నాన్‌కన్ఫార్మింగ్ వాడకం కొనసాగవచ్చు, ఇల్లు పాక్షికంగా పాడైతే బాగు చేసుకోవచ్చు అంటుంది ఆ చట్టం. ‘పాక్షికంగా’ అన్న చోట గీత కింద గీత గీసుకోండి. పూర్తిగా పోతే మళ్లీ టూ ఫ్యామిలీ కట్టుకునే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు. ఎంతవరకు పాక్షికం అన్నదానికి చట్టంలో శాతం లేదు. కొన్ని టౌన్లు తమ ఆర్డినెన్సుల్లో సగం విలువ అనో మరోటో గీత గీసుకుంటాయి, మిగతావి కేసును బట్టి చూస్తాయి. వంటింట్లో మంట లేచి పైకప్పులో కొంత కాలితే బాగు చేసుకుంటారు, ఎవరూ ఆపరు. ఇల్లు నేలమట్టమైతే టూ ఫ్యామిలీగా మళ్లీ కట్టడానికి జోనింగ్ బోర్డు దగ్గర యూజ్ వేరియెన్స్ (జోన్ ఒప్పుకోని వాడకానికి ప్రత్యేక అనుమతి) తెచ్చుకోవాలి. ఏడుగురు ఉండే ఆ బోర్డులో అయిదుగురు ఓటు వేస్తేనే వస్తుంది. రాకూడదనేం లేదు, కానీ వస్తుందని ముందుగా ఎవరూ రాసివ్వలేరు. టౌన్ ఆఫీసులో మీకు లెటర్ ఇవ్వం అన్నది పొగరుతో కాకపోవచ్చు. ఇవ్వగలిగే అధికారం వాళ్లకే లేదు.

మీ ఇంట్లో జోన్‌కు సరిపోనిది ఏదో కూడా తేల్చుకోవాలి. రెండు కుటుంబాలు ఉండటమా? స్థలం చిన్నదవడమా? పక్క గోడకూ సరిహద్దుకూ మధ్య దూరం చాలకపోవడమా? రిపోర్టులో దీని గురించి ఒక వాక్యమైనా ఉంటుంది, చూడండి. కొలతల తేడాకైతే బోర్డు అనుమతి కొంచెం సులువు, మామూలు మెజారిటీ చాలు. వాడకమే వేరైతే పైన చెప్పిన అయిదు ఓట్లు కావాలి. మీరు రాసినదాన్ని బట్టి మీది ఈ వాడకం రకమే.

ఇప్పుడు లెండర్ దగ్గరికి వద్దాం. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ లెటర్ ఫ్యానీ మే (లెండర్లు ఇచ్చిన ఇంటి లోన్లను వాళ్ల దగ్గర కొనే సంస్థ) అడిగిందా, మీ సొంత రూలా? ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో అడగండి. నాకు తెలిసినంతవరకు, ఒకటి నుంచి నాలుగు యూనిట్ల ఇళ్లు లీగల్ నాన్‌కన్ఫార్మింగ్ అయినా ఫ్యానీ మే ఆ లోన్లు తీసుకుంటుంది. దానివల్ల ధర మీద, మళ్లీ అమ్ముకోవడం మీద ప్రభావం ఉంటే అప్రైజర్ లెక్కలో చూపాలన్నదే దాని షరతు. మళ్లీ కట్టలేకపోతే లోనే కుదరదన్న కఠినమైన నియమం కాండో ప్రాజెక్టులకుంది: ధ్వంసమైతే ఇప్పుడున్నన్ని యూనిట్లతో తిరిగి కట్టనివ్వని చోట కాండోల లోన్లు ఫ్యానీ మే కొనదు. చాలాసార్లు లోన్ ఆఫీసర్లు ఈ రెంటినీ కలిపేసి, కాండో రూల్‌ని ఇళ్లకీ అంటగడతారు. ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వ సంస్థ బీమా చేసే) లోన్ అయితే ఇంకోలా ఉంటుంది. ధ్వంసమైతే చట్టప్రకారం మళ్లీ కట్టవచ్చో లేదో అప్రైజరే రిపోర్టులో చెప్పి తీరాలి. మీది ఎఫ్‌హెచ్‌ఏ కాదు కాబట్టి ఆ బాధ లేదు. అది బ్యాంకు సొంత రూలే అయితే, ఆ రూల్ లేని లెండర్లు ఉంటారు. మూడు వారాల్లో లెండర్‌ని మార్చడం కష్టమే కానీ అసాధ్యమేం కాదు. అప్రైజల్‌ని కొన్ని సందర్భాల్లో కొత్త లెండర్‌కి బదిలీ చేసుకునే వీలుంటుంది, అడగండి.

బ్యాంకు ఇలా ఎందుకు భయపడుతుందంటే అర్థం ఉంది. పై పోర్షన్ అద్దెలో 75 శాతం మీ ఆదాయంగా లెక్కేసి లోన్ ఇస్తోంది. ఇల్లు కాలిపోయి, టౌన్ సింగిల్ ఫ్యామిలీ మాత్రమే కట్టుకోమంటే ఆ అద్దె శాశ్వతంగా పోయినట్టే. ముప్పై ఏళ్లు కట్టాల్సిన అప్పుకు తాకట్టుగా చిన్న ఇల్లు మిగులుతుంది. బ్యాంకు సంగతి అలా ఉంచి, మీరూ అదే ప్రశ్న వేసుకోవాలి. పై అద్దె లేకుండా ఈ ఈఎంఐ మీరు మోయగలరా? మోయగలిగితే ఇంత టెన్షన్ అవసరం లేదు.

టౌన్‌తో మాట్లాడేటప్పుడు ‘రీబిల్డ్ లెటర్ ఇస్తారా’ అని అడగకండి. ఆ పేరు వింటేనే చాలామంది క్లర్కులు లేదనేస్తారు. బ్లాక్, లాట్ నంబర్లు వేసి, ఇది ఏ జోన్, ఈ ఇంటిని టూ ఫ్యామిలీగా మీ రికార్డు గుర్తిస్తోందా, నాన్‌కన్ఫార్మింగ్ నిర్మాణాలు పాడైతే మీ ఆర్డినెన్స్‌లో ఏ సెక్షన్ వర్తిస్తుంది, శాతం గానీ గడువు గానీ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. దీన్ని జోనింగ్ వెరిఫికేషన్ లెటర్ అంటారు, చాలా టౌన్లు ఫీజు తీసుకుని ఇస్తాయి. ఆ సెక్షన్ నంబరు ఉన్న లెటరు, ఆర్డినెన్స్ కాపీ కలిపి పంపితే చాలా మంది అండర్‌రైటర్లు (లెండర్ దగ్గర లోన్ ఫైలు పరిశీలించి ఓకే చేసేవాళ్లు) అంతటితో సరిపెట్టుకుంటారు.

ఇంతకన్నా గట్టిది కావాలంటే అదే 68వ సెక్షన్‌లో ఒక సర్టిఫికెట్ ఉంది. ఆర్డినెన్స్ రాకముందే ఈ వాడకం ఉందని టౌన్ ధ్రువీకరిస్తుంది. కొనబోయేవాళ్లు, లోన్ ఇవ్వబోయేవాళ్లు కూడా అడగవచ్చని చట్టమే చెబుతోంది కాబట్టి మీకు హక్కు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే ఆర్డినెన్స్ వచ్చిన ఏడాది లోపు మాత్రమే ఆఫీసర్ ఇవ్వగలడు. ఆ తర్వాత జోనింగ్ బోర్డే ఇవ్వాలి. మీ కేసులో ఏడాది ఎప్పుడో దాటింది. బోర్డు అంటే 200 అడుగుల లోపు ఇళ్లవాళ్లకు పది రోజుల ముందు నోటీసు, పేపర్లో ప్రకటన, ఆ తర్వాత మీటింగు. మూడు వారాల్లో తెమిలే పని కాదు. రుజువు చేసుకునే బాధ్యత కూడా అడిగినవాళ్లదే.

ఆ రుజువుల పని సెల్లర్ మీద పెట్టండి. ఇల్లు ఆయనది, పాత కాగితాలు ఉంటే ఆయన దగ్గరే ఉంటాయి. ముందు తేలాల్సింది ఒక తేదీ: ఆ వీధి సింగిల్ ఫ్యామిలీ జోన్ అయ్యింది ఎప్పుడు? ఆ తేదీకి ముందే రెండు కుటుంబాలు ఉండేవని చూపాలి. నిన్నటి అద్దె రసీదులు ఎన్ని ఉన్నా లాభం లేదు. ప్రభుత్వ రికార్డులు అడిగి తీసుకునే హక్కిచ్చే ఓప్రా చట్టం కింద టౌన్ క్లర్క్‌కి అప్లికేషన్ పెడితే ఆ ఇంటి బిల్డింగ్ ఫైలు, పాత ప్రాపర్టీ కార్డు ఇస్తారు. మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబు రావాలి. ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీల కోసం గీసిన శాన్‌బోర్న్ మ్యాపుల్లో ఒక్కో ఇల్లు విడివిడిగా ఉంటుంది, లైబ్రరీల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 1950 జనాభా లెక్కల కాగితాలు 2022లో బయటపెట్టారు. మీ ఇంటి అడ్రసు వరసలో రెండు వేర్వేరు కుటుంబాల పేర్లు చేత్తో రాసి కనిపించాయంటే, అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? ఆ వీధిలో ఎనభై దాటిన పెద్దమనిషి ఎవరైనా ఉండి అఫిడవిట్ ఇస్తే అదీ విలువైనదే. మీరు ఇంకోసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బయట గోడకు ఎన్ని కరెంటు మీటర్లు, ఎన్ని గ్యాస్ మీటర్లు ఉన్నాయో ఫొటో తీసుకోండి. రెండో మీటర్ పెట్టిన సంవత్సరం కంపెనీ రికార్డులో ఉంటే మంచిదే.

ఒక మోసపోయే చోటు చెప్తాను. టాక్స్ రికార్డులో ‘క్లాస్ 2’ అని ఉంటే చాలామంది రెండు ఫ్యామిలీల ఇల్లు అని మురిసిపోతారు. న్యూజెర్సీలో ఒకటి నుంచి నాలుగు కుటుంబాల దాకా ఏ ఇల్లయినా క్లాస్ 2 యే. అమ్మేటప్పుడు టౌన్ ఇచ్చే కంటిన్యూడ్ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా అంతే. పొగ అలారాలు, మెట్ల రెయిలింగులు చూసి ఇచ్చే కాగితం అది. జోనింగ్‌కి జవాబు కాదు.

మీ లాయర్‌తో ఈ వారంలోనే మాట్లాడి, ఈ లెటర్ వచ్చేదాకా కమిట్‌మెంట్ డేట్ పొడిగించమని సెల్లర్ లాయర్‌కి రాయించండి. తేదీ దాటాక అడిగితే మీ డిపాజిట్ మీద బేరం మొదలవుతుంది. సెల్లర్ ఒప్పుకోకపోవడానికి పెద్ద కారణం ఉండదు. మీరు వెళ్లిపోతే తర్వాత వచ్చే కొనుగోలుదారు లెండరూ ఇదే లెటర్ అడగొచ్చు కదా.

ధర తగ్గించమని అడగాలా అని మీరు అడగలేదు కానీ రియల్టర్ ఎలాగూ ఎత్తుతాడు. అప్రైజల్ కాపీ మీకివ్వడం లెండర్ బాధ్యత, క్లోజింగ్‌కి (ఇల్లు చేతులు మారే రోజుకి) కనీసం మూడు పనిదినాల ముందే. దాన్లో పోల్చి చూపిన ఇళ్లు ఏవో చూడండి. అవి కూడా అదే జోన్‌లో, ఇలాంటి పాత టూ ఫ్యామిలీ ఇళ్లే అయితే, ఈ చిక్కు ధరలో ఇప్పటికే ఇమిడిపోయింది, ఇక తగ్గించమనడానికి పెద్దగా పట్టు ఉండదు. టూ ఫ్యామిలీకి మామూలుగా అనుమతి ఉన్న జోన్‌లో ఇళ్లతో పోల్చి ఏ సర్దుబాటూ చేయకపోతే మాత్రం లెండర్ ద్వారా ప్రశ్న వేయించవచ్చు. అప్రైజర్‌కి మీరు నేరుగా ఫోన్ చేయొద్దు. అది ఆయనకీ ఇబ్బంది, మీకూ ఉపయోగం లేదు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇది టూ ఫ్యామిలీ అని కచ్చితంగా చెప్పండి. పాలసీలో ‘ఆర్డినెన్స్ ఆర్ లా’ అనే కవరేజీ ఎంత ఉందో చూడండి. మామూలు హోమ్‌ఓనర్స్ పాలసీలో అది ఇంటి కవరేజీలో 10 శాతం ఉంటుంది. అంటే 5 లక్షల డాలర్లకు 50 వేలు. వందేళ్ల ఇంటిని ఈనాటి బిల్డింగ్ కోడ్‌కి తగ్గట్టు బాగు చేయాలంటే అది చాలదు, పెంచుకోండి, ప్రీమియం పెద్దగా పెరగదు. అయితే ఇది ఖర్చుకు మాత్రమే. టౌన్ వద్దన్న రెండో పోర్షన్‌ని ఏ పాలసీ తిరిగి తెప్పించదు. (కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులు నవ్వుకుంటుంటారేమో. అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న మల్టీఫ్యామిలీ ఇంటిని మళ్లీ కట్టుకోకుండా స్థానిక ఆర్డినెన్సులు అడ్డుపడకూడదని, కొన్ని మినహాయింపులతో, అక్కడ రాష్ట్ర చట్టమే ఉంది.)

బేస్‌మెంట్ కిచెన్‌కి వద్దాం. సెల్లర్ మాట నమ్మి దాన్ని అద్దెకివ్వకండి. పాత హక్కు రెండు పోర్షన్లకే. మూడోది చేరితే అది పాత వాడకం కొనసాగింపు కాదు, పెంపు. దానికి పర్మిట్ లేకపోతే అప్రైజర్ టిక్ ఇల్లీగల్ గడిలోకి జరిగే ప్రమాదం ఉంది. సెల్లర్ అక్కడి స్టవ్ తీసేసి, లైన్ మూసేసి ఇస్తే మంచిది. ఇదీ లాయర్ ఉత్తరంలో పెట్టించండి.

పూజగది మాట అత్తగారికి మీరే మెల్లగా చెప్పాలి. పై పోర్షన్‌లో స్టవ్, సింకు తీసేసి, రెండో మీటర్ కట్ చేయించి, ఇల్లంతా ఒకటిగా వాడుకుంటే, ఇక రెండు పోర్షన్లుగా వాడే ఉద్దేశం వీళ్లకు లేదని టౌన్ రేపు వాదించడానికి మీరే ఆధారం ఇచ్చినట్టు. న్యూజెర్సీ కోర్టులు ఊరికే ఖాళీగా ఉన్నంత మాత్రాన హక్కు పోయిందనవు, వదులుకునే ఉద్దేశం కనబడాలంటాయి. వంటగది పీకేయడం కన్నా స్పష్టంగా ఆ ఉద్దేశాన్ని చూపేది ఏముంది? రెనోవేషన్ కూడా ఆలోచించి చేయండి. సీసైడ్ పార్క్‌లో ఒక నాన్‌కన్ఫార్మింగ్ ఇంటి యజమాని బాగుచేత మొదలుపెట్టి దాదాపు అంతా కూల్చేస్తే, అది పూర్తి ధ్వంసం కిందికే వస్తుందని, పాత హక్కు పోయినట్టేనని 2013లో అప్పీలు కోర్టు చెప్పింది. నిప్పు అంటుకోనక్కర్లేదు, కాంట్రాక్టర్ చాలు. అత్తగారి దేవుళ్లకు పైన తూర్పు గది ఏదైనా ఇవ్వండి. స్టవ్ మాత్రం దాని చోట దాన్ని ఉండనివ్వండి, రెండో కరెంటు బిల్లు నెలనెలా వస్తూనే ఉండాలి, ఆ బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టండి.